అగ్రికల్చర్ గారికి తెలియని పూలమొక్క

మా ఆఫీసు ముందు ఈ మధ్య కొత్తగా పూలమొక్కలు నాటారు. పోయిన వారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగడుగులు నడుద్దామని బయటికొస్తే, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి ఒక పొద దగ్గర ఆగి, "సర్, ఇదేం ప్లాంట్? ఒకే చెట్టుకి పర్పుల్ పూలూ ఉన్నాయి, వైటూ ఉన్నాయి" అని అడిగింది. గడ్డం నెరిసినవాణ్ణి, తెలియదంటే ఏం బాగుంటుంది? "అది ఒక రకం కొండజాజిలేమ్మా" అన్నాను. ఆ పిల్ల మర్యాదగా తలూపి, ఫోను తీసి పువ్వుకి చూపించింది. ఫోను కాస్త ఆలోచించి దాని పేరు బ్రన్‌ఫెల్సియా అని చెప్పింది. జాజికీ దానికీ ఏ చుట్టరికమూ లేదట, ఉంటే గింటే వంకాయతోనట. ఆ కింద ఇంకో ముక్క కూడా ఉంది. మొక్క అంతా విషమేననీ, పసిపిల్లలకూ పెంపుడు కుక్కలకూ అందనివ్వొద్దనీ.

నేను గబుక్కున ఆ పొద దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. నా అజ్ఞానం బయటపడినందుకు సిగ్గుపడుతున్నాననుకుని ఆ అమ్మాయి "ఇట్స్ ఓకే సర్" అంది. సిగ్గు నాకు ఎన్నడో పోయింది, వెనక్కి జరిగింది అందుకు కాదు. ఆ మొక్క ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది. మా అమ్మాయి దాని పూలు తింది. కొండజాజి అనే పేరు కూడా నా సొంతం కాదు. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి పోయి చాలా ఏళ్ళయింది. పోయిన సంగతి నాకు ఆలస్యంగా ఎవరో చెబితే "అయ్యో, పాపం" అని ఊరుకున్నాను. మొన్న ఆ పొద ముందు నిలబడేసరికి మాత్రం ఏడుపొచ్చింది. పువ్వు వాసన నాకు పడలేదనుకుని ఆ పిల్ల టిష్యూ కాగితం ఇచ్చింది.

మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న రోజులవి. మేం లింగంపల్లి దగ్గర కొత్తగా వేసిన ఒక కాలనీలో అద్దెకుండేవాళ్ళం. రోడ్లు ఇంకా పడలేదు, నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. అయినా ప్రతి ఇంటి ముందూ మొక్కలు మాత్రం ఉండేవి. ఏ ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఆ ఊరి కొమ్మ తెచ్చి గుచ్చారు. ఏది ఏ కొమ్మో తెలియక ఎవరికైనా సందేహం వస్తే మా వీధి చివర రెండు గదుల వాటాలో భార్యతో ఉండే ఆయన దగ్గరికి పోయేవాళ్ళు. ఆయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. అందుకని కాలనీ అంతా ఆయన్ని అగ్రికల్చర్ గారు అనేవాళ్ళు. ఎదురుగా కూడా అలాగే పిలిచేవాళ్ళు, ఆయనా పలికేవారు. శాఖలో ఏ సీటులో చేశారని మాత్రం ఎవరూ అడగలేదు.

మొక్కని చూసే పద్ధతి ఒకటుండేది ఆయనకి. ముందు గొడుగు వంపుతో కొమ్మని కిందికి లాగేవారు. ఒక ఆకు తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్ళం ఊపిరి బిగబట్టేవాళ్ళం. తర్వాత కళ్ళు తెరిచి, ఆ నలిపిన ఆకుని చొక్కా జేబులో వేసుకుని, "ఇది మా డిపార్ట్‌మెంట్‌కి తెలిసిన చెట్టేనండీ" అనేవారు. అప్పుడు పేరు చెప్పేవారు. పేరు తర్వాత మందు. అన్ని మొక్కలకీ ఒకటే మందు, వేపపిండి. పూత రాలినా వేపపిండే, పూత అసలు రాకపోయినా వేపపిండే.

గోపన్‌పల్లి నుంచి పాలు తెచ్చి పోసే యాదమ్మ ఒకరోజు కొంగులో ఏదో ఆకు కట్టుకొచ్చింది.

"సారూ, మా బర్రె గీ ఆకు తిన్నకాడికెల్లి పాలు సక్కగ ఇస్తలేదు. ఏందిది జర జూడు."

ఆయన ఆకు నలిపారు, వాసన చూశారు, కళ్ళు మూసుకున్నారు. "వేపపిండి వెయ్యమ్మా" అన్నారు.

"బర్రెకా సారూ?"

"బర్రెకి కాదమ్మా, ఆ మొక్కకి" అన్నారు అగ్రికల్చర్ గారు, ఏమాత్రం తడబడకుండా. యాదమ్మ ఆలోచనలో పడి, డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది. మూడోనాటికి బర్రె దానంతటదే కుదుటపడింది. ఆ ఘనత ఆయన ఖాతాలోనే పడింది.

ఆయన్ని చూసి నవ్వే హక్కు నాకు ఇసుమంత కూడా లేదు. నేను చదివింది ఎం.కాం. అమీర్‌పేటలో ఒక ఇరుకు గదిలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని, కొత్త కంపెనీలో కుదురుకున్నాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారు కాబట్టి రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తికమకపడతాయని ప్రపంచమంతా గాభరాపడుతున్న కాలం. ఆ రెండంకెలు ఎక్కడున్నాయో వెతికి నాలుగు చేయడం నా పని. నాకు తెలిసింది అంతే. కాలనీ వాళ్ళకి మాత్రం నేను కంప్యూటర్ గారిని. చెడిపోయిన స్టెబిలైజర్లు, కేబుల్ రాని టీవీలు, అంకెలు చెరిగిన కాలిక్యులేటర్లు నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఒకావిడ గోడ గడియారం తెచ్చింది. తెలియదని ఒక్కరికీ చెప్పలేదు నేను. వస్తువుని అటూ ఇటూ తిప్పి, కనుబొమలు ముడిచి, "ఒకసారి ప్లగ్ తీసేసి, కాసేపాగి మళ్ళీ పెట్టండి" అనేవాణ్ణి. గడియారానికి ప్లగ్ లేదు గనక బ్యాటరీ తీసి పెట్టమన్నాను. సగం వస్తువులు పనిచేసేవి కూడా. ఆయన వేపపిండి, నా ప్లగ్గు కలిసి ఆ కాలనీని నడిపిస్తున్నాయని నా నమ్మకం.

ఆ పూలమొక్కని నేను మియాపూర్ రోడ్డు మీది ఒక నర్సరీలో కొన్నాను. "ఏం మొక్క?" అంటే "ఫారిన్‌ది సార్" అన్నాడు అమ్మేవాడు. అదే పేరనుకుని తెచ్చేశాను. నడుమెత్తు పొద, ముదురాకుపచ్చ ఆకులు. ఒక ఆదివారం నిండా ఊదారంగు పూలు పూసింది. అగ్రికల్చర్ గారు వచ్చి, తంతు అంతా నడిపి, "ఊదా సన్నజాజి. మా డిపార్ట్‌మెంట్‌కి తెలిసిన చెట్టే" అన్నారు. రెండు రోజులు గడిచేసరికి అవే పూలు వెలిసిపోయి తెల్లగా అయ్యాయి. మా ఆవిడ ఆయన్ని మళ్ళీ పిలిచి చూపించింది. ఇంకొకరైతే నీళ్ళు నమిలేవారు. ఆయన గొడుగు రెండో చేతికి మార్చుకుని, "ఆఁ, ఇప్పుడు నిర్ధారణ అయిందమ్మా. రంగు మారితే కొండజాజి. మారకపోతే సన్నజాజి" అన్నారు.

"దేవుడికి పెట్టొచ్చాండీ? పేరు తెలియని పువ్వు పెట్టడానికి మనసొప్పక ఆగాను" అంది మా ఆవిడ.

"భేషుగ్గా పెట్టుకోండి."

"మా చిట్టి అస్తమానం దాని దగ్గరే ఆడుతుందండీ. నోట్లో పెట్టుకుంటుందేమోనని భయం."

"పెట్టుకోనివ్వండమ్మా. తిన్నా ఏం కాదు. కఫానికి మంచిది కూడా."

అంతటితో ఊరుకోవచ్చు కదా నేను. "అవును, నేనూ ఎక్కడో చదివాను" అన్నాను. ఎక్కడ చదివానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో వెంకటేశ్వరస్వామికి కొండజాజులు, వీధిలో వాళ్ళకి కొమ్మలు. కఫానికి మంచిదన్న మాట నా నోటి మీదుగా మా ఆఫీసు దాకా పాకింది.

ఇంకో ఆదివారం పొద్దున యాదమ్మ వాకిట్లో పాలు పోస్తోంది. మా ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడింది. నేను పేపరు చదువుతున్నాను. చిట్టి పొద కింద చతికిలబడి ఉంది. పిల్లకి అప్పుడు నాలుగో ఏడు. ఒళ్ళో రేకులు, పెదవుల చుట్టూ ఊదారంగు, బుగ్గలో ఇంకా ఏదో నములుతోంది.

"ఏమండీ, ఇది పూలు తినేస్తోంది!" అని అరిచింది మా ఆవిడ. అరిచి, వెంటనే తనే తేరుకుంది. "ఆయన ఏం కాదన్నార్లే."

"ఏం కాదు. కఫానికి మంచిదే" అన్నాను పేపరు దించకుండా. అంతటి తండ్రిని నేను.

అప్పుడే అగ్రికల్చర్ గారు గొడుగు ఊపుకుంటూ మా గేటు ముందుకొచ్చారు. మా ఆవిడ నవ్వుతూనే, "చూడండి తాతగారూ, మీ కొండజాజి ఎంత నచ్చిందో" అంది. ఆయన పిల్ల నోటిని చూశారు. లోపలికొచ్చి, అలవాటు చొప్పున కొమ్మ వంచి ఆకు తుంచారు. నలిపి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. ఆకు చేతిలోంచి జారిపోయింది.

"నాకు తెలియదండీ" అన్నారు.

ఆ మాట ఆయన నోట విననివాళ్ళం కాబట్టి మాకు అర్థం కాలేదు. "ఏది తెలియదు?" అన్నాను.

"ఈ మొక్కేమిటో తెలియదు. ఏ మొక్కా తెలియదు. నేను మా ఆఫీసులో బిల్లుల సెక్షన్‌లో పనిచేశాను. తిన్నా ఏం కాదని ఊరికే అన్నాను. పిల్లని తీసుకుని బయల్దేరండి."

పాల డబ్బా కింద పెట్టి యాదమ్మ అంది, "నువ్వే గద సారూ, తిన్నా ఏం గాదంటివి!"

"అన్నాను తల్లీ. తెలియక అన్నాను." పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ గోడల మీది నుంచి చూస్తున్నారు. అందరికీ వినబడేలాగే అన్నారు ఆ మాట.

పిల్ల నవ్వుతోంది. ఆయన నోరు మూసుకుని ఊరుకుంటే ఆ పూట గడిచిపోతుందనే అనుకునేవాళ్ళం మేం. నేను ఆయన్నే ఓదార్చబోయాను. "కంగారుపడకండి, కాసేపు చూద్దాం..." అంటుంటే, ఏనాడూ గొంతు పెంచనివారు "స్కూటర్ తియ్యండయ్యా!" అని గద్దించారు. స్కూటర్ స్టార్ట్ కాలేదు. కంప్యూటర్ గారు దాని తాళం ఒకసారి తీసి, కాసేపాగి, మళ్ళీ పెట్టి తన్నారు.

"ఫికర్ చెయ్యకమ్మా, దవాఖాన దగ్గర్నే" అంటూ యాదమ్మ మా ఆవిణ్ణి వెనక ఎక్కించింది. సగం దారిలో చిట్టి నా చొక్కా మీద వాంతి చేసుకుంది. దాని చేతులు సన్నగా వణకడం మొదలైంది. నేను ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో నాకే గుర్తులేదు.

డాక్టరు చిన్నవాడు. "ఏం మొక్క తిన్నది?" అని అడిగాడు. నా నాలుక చివర కొండజాజి సిద్ధంగా ఉంది. ఇంకా నయం, అది బయటికి రాకముందే మా వెనకే ఆటోలో వచ్చిన అగ్రికల్చర్ గారు లోపలికి జొరబడ్డారు. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో ఆ పొద కొమ్మ ఉంది.

"పేరు తెలియదు డాక్టరుగారూ. నేను వీళ్ళకొక పేరు చెప్పాను, అది ఉత్తది. ఆ పేరు వినకండి, రాసుకోకండి. విషమనుకునే చూడండి."

డాక్టరు అలాగే చూశాడు. కడుపు కడిగించి, సెలైన్ పెట్టించి, సాయంత్రం దాకా కళ్ళెదుటే ఉంచుకున్నాడు. వణుకు తగ్గి పిల్ల నిద్రపోయాక, "మంచిదనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే తెచ్చారు" అని నన్ను మెచ్చుకున్నాడు. నేను ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

వరండాలో బల్ల మీద ఆయనా నేనూ కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టారు.

"ఉద్యోగమంతా ప్రయాణపు బిల్లులు పాస్ చేశానండీ. ఏ ఆఫీసరు ఏ ఊరి పొలానికి వెళ్ళాడో చెప్పగలను. ఆ పొలంలో ఏముందో నాకేం తెలుసు? ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరో ఒక ఆకు తెచ్చి ఇదేమిటండీ అన్నారు. బిల్లులు చూసేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరండీ. ఈయన అడిగాడు కదా అని సంతోషమేసి చెప్పేశాను. తర్వాత ఆపడం నా చేతకాలేదు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మీకా బాధ లేదు. మీ విద్య మీకు తెలుసు" అన్నారు.

"అవునండీ" అన్నాను. అని, టీ తెస్తానని లేచాను.

మర్నాడు ఆ పొద పీకేశాను. ఆ తర్వాత అగ్రికల్చర్ గారు మొక్కల వైపు చూడటం మానేశారు. నడిరోడ్డున, తలొంచుకుని నడిచేవారు. ఎవరైనా కావాలని ఆపి కొమ్మ చూపిస్తే, "తెలియదండీ" అనేవారు. తులసి చూపించినా అదే మాట. యాదమ్మ ఒకసారి పట్టలేక, "మందారం గూడ తెల్వదా సారూ? గంత పరేషాన్ ఏంది?" అంది. "మందారంలాగే ఉందమ్మా. నేను చెప్పను" అన్నారు ఆయన. కొందరు వెనక నవ్వేవాళ్ళు. చిట్టి మాత్రం తాతగారూ అని పరుగెత్తుకెళ్ళి ఆయన వేలు పట్టుకునేది. పిల్లని చూసినప్పుడల్లా ఆయన ముందు దాని నోరు చూసి, తర్వాత నవ్వేవారు.

రెండువేల సంవత్సరం దగ్గరపడింది. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయనీ, విమానాలు పడిపోతాయనీ పేపర్లు రోజూ రాస్తున్నాయి. ఒక సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చారు. గేటు దగ్గరే నిలబడి, మొహమాటపడుతూ అడిగారు.

"కంప్యూటర్ గారూ, నా పెన్షన్ కూడా ఇప్పుడు కంప్యూటర్లోనే వేస్తున్నారట. మా ఇద్దరికీ అదే ఆధారం. కొత్త సంవత్సరంలో ఏమైనా ఇబ్బందుంటుందా?"

నేను కనుబొమలు ముడిచాను. ఆయన పెన్షన్ ఏ కంప్యూటర్లో ఉందో, దాన్ని ఎవరు చూస్తున్నారో, అసలు చూశారో లేదో నాకు బొత్తిగా తెలియదు. "ఏమీ కాదండీ. నిశ్చింతగా ఉండండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. అటువంటి మొహం ఎలా పెట్టాలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"తెలిసి అంటున్నారా, నేను అడిగానని అంటున్నారా?" అన్నారు.

లోపల చిట్టి ఏదో పాడుకుంటోంది. నేను తల దించుకుని, "తెలియదండీ" అన్నాను. నేను చచ్చిపోతాననుకున్నాను గానీ ఏమీ కాలేదు.

ఆయనకి కోపం రాలేదు. ఎన్నాళ్ళకో ఆ మొహం విప్పారింది. "మంచిదండీ. అయితే రెండు నెలలకి సరిపడా బియ్యం తెచ్చి పడేసుకుంటాను. మీ స్కూటర్ ఖాళీయేనా?" అన్నారు.

ఇద్దరం లింగంపల్లి బజారుకి వెళ్ళాం. బియ్యం కొట్టతను బస్తా తూకం వేయిస్తూ నన్ను గుర్తుపట్టాడు.

"సారూ, మీరు కంప్యూటర్ల కంపెనీల చేస్తరు గద. జనవరిల అన్నీ బంద్ అయితయంటున్నరు. అయితయా, కావా? మీరు చెప్తే ఇగ నాకు ఫికరుండదు."

కొట్లో బేరమాడుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నేను నోరు తెరిచాను. పక్కన అగ్రికల్చర్ గారు గొడుగు మీద రెండు చేతులూ ఆనించి, నా వైపే చూస్తున్నారు.

"నాకూ ఒక బస్తా వెయ్యి" అన్నాను.